ఏడో క్లాజు, మా అక్క వంతు

ఆ వార్త పేపర్లో లోపలి పేజీలో, పళ్లపొడి ప్రకటన కింద, ఎవరికీ కనపడకూడదన్నట్టు పడింది. ఉప్పునీటి సరస్సుల్లో చేపలు పట్టే హక్కును ఏటా బహిరంగ వేలం వేయడానికి ప్రభుత్వం శాసనసభలో బిల్లు పెట్టిందని, సభ దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపిందని నాలుగు లైన్లు. అప్పటికి అరవైలు మొదలై ఎంతో కాలం కాలేదు. నేను పులికాటు ఒడ్డున మా ఊరి బడిలోనే టీచరుగా చేస్తూ, బడి గదిలోనే వేరే ఉంటున్నాను. పేపరు సూళ్లూరుపేట నుంచి ఒక రోజు ఆలస్యంగా వచ్చేది. హెడ్మాస్టరు గారు చదివి, మడత పెట్టి, నాకు ఇచ్చేవారు. పిల్లలు అన్నాలకు వెళ్లినప్పుడు ఆ నాలుగు లైన్లూ చదివాను. మళ్లీ చదివాను. ఆ పూట అన్నం ముట్టబుద్ధి కాలేదు.

మా సరస్సులో ఎవరికి తోచిన చోట వాళ్లు వల వేయరు. కర్రలు పాతి వల కట్టే చోట్లు కొన్నే ఉంటాయి. సముద్రం నీళ్లు లోపలికి వచ్చే మొగ దగ్గర రొయ్యలు విరగబడతాయి. లోపలికి పోయే కొద్దీ చవక జెల్ల చేపలతో సరిపెట్టుకోవాలి. అందుకని ప్రతి ఏడూ తాటాకు ముక్కల మీద ఆ చోట్ల గుర్తులు గీసి, కుండలో వేసి, ఇంటికొకరు తీస్తారు. ఈ ఏడు మంచి చోటు దొరికిన వాడికి వచ్చే ఏడు దొరకకపోవచ్చు. ఎవరికీ ఏడుపు ఉండదు. మా వాళ్లు దీన్ని పాడు అనేవాళ్లు. పుస్తకాల తెలుగులో ఆ మాటకు వేరే అర్థం ఉంది కనుక నేను వంతు అనే రాస్తాను. మా ఊళ్లో ఎవరికీ సెంటు భూమి లేదు. పిల్లనివ్వాలన్నా ముందు ఆ ఇంటికి వంతుందా అని అడిగేవాళ్లు.

మా అక్కకు వంతు ఉంది. బావ కామెర్లతో పోయేనాటికి ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి నిక్కరు బొత్తాం పెట్టుకోవడం కూడా రాదు. మా కట్టుబాటు ప్రకారం చనిపోయిన వాడి వంతు, కొడుకు చేతికి అందివచ్చే దాకా ఆ ఇంటికే ఉంటుంది. మరిది వల కట్టి, పడిన దాంట్లో సగం ఇస్తాడు. ఆ సగంతోనే అక్క ఇల్లు నడిచేది. వేలం వస్తే ఊరందరి వంతూ పోతుంది, నిజమే. కానీ మగవాళ్లు ఎవరి పడవలోనైనా కూలికి పోతారు. అక్క ఎక్కడికి పోతుంది? బిల్లు అనే మాట వింటే చాలు, నాకు అక్క ముఖమే కనపడేది.

మా ఎమ్మెల్యే గారికి రాస్తే బిల్లు కాపీ పంపించారు, పాపం. అంతా ఇంగ్లీషు. నా ఎస్సెల్సీ ఇంగ్లీషుతో దాన్ని చదివేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. వాక్యం ఎక్కడ మొదలైందో గుర్తు పెట్టుకునేలోపు పేజీ అయిపోయేది. ఏడో క్లాజు దగ్గర ఆగిపోయాను. సరస్సులో ప్రతి భాగమూ వేలానికి వస్తుందని, అంతకు ముందున్న ఆచారాలన్నీ రద్దని అందులో ఉంది. హెడ్మాస్టరు గారికి చూపించాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"నువ్వు చెప్పిన అర్థం సరైందేనమ్మా. కానీ నువ్వు జీతం తీసుకునే మనిషివి. ఇందులో తల దూర్చకు."

"తల దూర్చేదేముంది సార్, అక్కడ ఉండేది మా మెడే గదా" అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఇప్పటికీ.

మా నాయన ఊరి పెద్ద. వల బాగుచేసుకుంటూ నేను చదివిందంతా విన్నాడు. ఏడో క్లాజు దగ్గర చేతిలో దారం ఆగింది. "నీళ్లలో ఎప్పుడూ దిగనోడు రాసినాడు" అన్నాడు, అంతే. మర్నాడే కమిటీకి మహజరు రాయించాడు. ఊరంతా వేలిముద్రలు వేశారు. చిట్టమూరు వైపు ఊళ్లకు కబురు పంపితే, మీరు ఏమంటే మాదీ అదే అన్నారు. కొన్నాళ్లకు జవాబు వచ్చింది. సెలెక్ట్ కమిటీ వాళ్లు సూళ్లూరుపేట ట్రావెలర్స్ బంగళాకు వస్తారట, మత్స్యకారుల అభిప్రాయం నేరుగా వింటారట.

ఇక్కడ మా ఊరి సభ సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా సభలో పెద్దలు చాప మీద కూర్చుంటారు. ఒక మాట ముందుకు వస్తుంది. దానికి ఒప్పుకున్నవాడు కూర్చునే ఉంటాడు. ఒప్పుకోనివాడు నోరు విప్పడు. తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని లేచి వెళ్లిపోతాడు. అందరూ లేచి చాప ఖాళీ అయిందంటే ఆ మాట చచ్చిపోయినట్టే, మళ్లీ ఎవరూ ఎత్తకూడదు. లేచినవాడు తిరిగి వచ్చి కూర్చుంటే మాత్రం, మనసు మార్చుకుని ఒప్పుకున్నాడని లెక్క. ఆడవాళ్లు చాప మీద కూర్చోరు, సభలో మాట్లాడరు. మాట్లాడితే ఆ ఇంటి వంతు పక్కన పెడతారు. ఊరు పెట్టుకున్న ఇలాంటి శాసనాన్ని దురాయి అనేవాళ్లు. దురాయి అంటే ఎంతటి మగవాడైనా తల వంచాల్సిందే.

ఆ రోజు మగవాళ్లు తెల్లటి పంచెలు కట్టుకుని పొద్దున్నే బయల్దేరారు. సంతకు ఎలాగూ పోవాలని ఆడవాళ్లం కొందరం చేపల తట్టలతో వెనకే నడిచాం. అందులో అక్క కూడా ఉంది. నేను బడికి సెలవు పెట్టాను. బంగళా హాల్లో కమిటీ వాళ్లు బల్ల వెనక కూర్చున్నారు. అందరికీ సరిపడా కుర్చీలు లేక మా వాళ్ల కోసం కింద జంపఖానా పరిచారు. ఇప్పటికీ అనుకుంటాను, ఆ రోజు కుర్చీలు వేసి ఉంటే ఇంత కథ జరిగేదే కాదు.

ముందు వ్యాపారులు మాట్లాడారు. మద్రాసుకు రొయ్యలు పంపేవాళ్లు, ఐసు పెట్టెల వాళ్లు. బాగా మాట్లాడారు, కాదనను. వేలం పెడితే ప్రభుత్వానికి ఆదాయం, సరస్సుకు అభివృద్ధి, మత్స్యకారులకు కూలి అన్నారు. మత్స్యకారులకు కూలి అన్నప్పుడు వరండాలో నా పక్కన నిలబడ్డ అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తర్వాత మా వాళ్లను పిలిచారు. నాయన ముందు, మిగతావాళ్లు వెనక జంపఖానా మీద కూర్చున్నారు. కమిటీ అధ్యక్షులు నెరిసిన జుట్టున్న పెద్దమనిషి. మర్యాదస్తులే. గుమాస్తా చేత ఏడో క్లాజు తెలుగులో చదివించారు. ఆచారాలన్నీ రద్దు అనే దాకా విని నాయన తల దించుకున్నాడు.

"విన్నారు గదా. దీని మీద మీకేమైనా అభ్యంతరం ఉందా?" అని అడిగారు అధ్యక్షులు.

నాయన భుజం మీది తుండు తీశాడు. దులిపాడు. లేచాడు. వెనక ఒకరి తర్వాత ఒకరు, ముసలివాళ్లు మోకాళ్లు పట్టుకుని, అందరూ లేచారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. చెప్పులు వేసుకుని బయటికి నడిచారు. ఊరు ఊరంతా ఒక్క మాట మీద నిలబడిందని నా ఒళ్లు పులకరించింది. వాళ్లు గెలిచి వస్తున్నట్టే వచ్చారు.

లోపల అధ్యక్షులు కాసేపు ఖాళీ జంపఖానా వైపు చూశారు. పక్కనున్న సభ్యుడు గడియారం చూసుకుని, "పాపం, వీళ్లకు చెప్పేదేమీ లేనట్టుందండీ" అన్నారు. అధ్యక్షులు గుమాస్తా వైపు తిరిగారు.

"సరే. ఏడో క్లాజుపై మత్స్యకారుల నుంచి అభ్యంతరం లేదని రాసుకోండి."

గుమాస్తా కలం కాగితం మీద నడుస్తుంటే కళ్లప్పగించి చూశాను. తర్వాత చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి పరిగెత్తాను.

మా వాళ్లు వేపచెట్టు కింద బీడీలు ముట్టించుకుంటున్నారు. నాయన ముఖం ప్రశాంతంగా ఉంది.

"అయిపాయ లేమ్మా. చాప ఖాళీ చేసి వచ్చినాం. ఇంక ఆ మాట ఎవురూ ఎత్తలేరు."

"నాయనా, మీరు ఒప్పుకున్నారని రాసుకున్నారు!"

"ఎట్టా రాస్తారే? మేం లేచినాం గదా."

"లేస్తే కాదన్నట్టని వాళ్లకేం తెలుసు? చెప్పేదేం లేక పోయినారు అనుకున్నారు!"

నాయన చేతిలో బీడీ అలాగే ఉండిపోయింది. పోయి చెప్పి రమ్మని నేను అరుస్తున్నాను. ఒక్కరూ కదల్లేదు.

"మళ్లా పోయి ఆ చాప మీద యెట్టా కూచునేది?" అన్నాడు నాయన. "లేచినోడు మళ్లా కూచుంటే ఒప్పుకున్నట్టే."

"అది మన ఊళ్లో నాయనా! ఇది సర్కారు బంగళా!"

"చాప పరిచినారు. పెద్దలు కూచున్నారు. మాట అడిగినారు. ఇది సభ గాక ఇంకేందే?"

నాకు తల బాదుకోవాలనిపించింది. వరండాలో బంట్రోతు కాగితాలు కట్ట కడుతున్నాడు. డ్రైవరు జీపు బానెట్టు మూసి లోపలికి ఎక్కాడు. నేనే పోయి చెప్తానన్నాను. నాయన తల అడ్డంగా ఆడించాడు.

"నీకు వంతు లేదు. వంతు లేనోళ్ల మాట ఊరి మాట ఎట్టా అవతాది?"

అది నిజం. అప్పుడు అక్క తట్ట కిందికి దించింది.

"నాకుండాది గదా నాయనా. నేను ఆ చాప మీద కూచోనూ లేదు, లేవనూ లేదు."

నాయన బీడీ నేలకేసి నలిపాడు.

"పో. కానీ ఇనుకో. ఆడమనిషి సభలో నోరెత్తితే ఆ ఇంటి వంతు పక్కన పెడతారు. ఆ దురాయి నేను పెట్టింది గాదు. నా కూతురని నేను తీసేదీ గాదు."

"తెలిసే పోతాండా" అంది అక్క.

నేను వెనకే వెళ్లాను. కమిటీ వాళ్లు లేచి నిలబడ్డారు, కుర్చీలు జరుగుతున్నాయి. అక్క ఒంటి మీద చేపల వాసన. జంపఖానా తొక్కకుండా గోడ వెంబడి నడిచి బల్ల ముందుకు పోయింది.

"అయ్యా, మావోళ్లు ఒప్పుకోలేదు. మాలో లేచి పోతే కాదని."

గడియారం చూసుకున్న సభ్యుడు నవ్వాడు. అధ్యక్షులు నవ్వలేదు.

"మరి ఆ మాట నోటితో చెప్పొచ్చు గదమ్మా?"

"నోటితో కాదంటే మనసులు ఇరుగుతాయయ్యా. తెల్లారి లేస్తే ఆ నీళ్లల్లోనే పక్కపక్కన వలలు కట్టుకోవాల."

అధ్యక్షులు మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. వేలం వస్తే నీకేం పోతుందమ్మా అని అడిగారు.

"నాదా? నాది ఇప్పుడే పోయిందయ్యా, ఈడ నోరు తెరిచినందుకు. మిగిలినోళ్లదన్నా ఉండనీండి."

ఆయనకు అర్థం కాలేదు. నేను అర్థమయ్యేలా చెప్పాను. బావ పోవడం, మరిది సగం ఇవ్వడం, సభలో మాట్లాడిన ఆడదాని ఇంటికి పడే శిక్ష. హాల్లో ఎవరూ నవ్వలేదు. అధ్యక్షులు గుమాస్తా చేత పాత వాక్యం కొట్టేయించి, ఏడో క్లాజుకు మత్స్యకారులందరి తీవ్ర అభ్యంతరం అని రాయించారు. అక్క ఊరుకోలేదు. "రాసింది ఒకసారి చదవండయ్యా" అంది. చదివించుకుని, దండం పెట్టి, బయటికి వచ్చి, తట్ట నెత్తికెత్తుకుని సంతకు పోయింది. అప్పటికి చేపలు మెత్తబడిపోయాయి.

ఆ వారంలోనే సభ కూర్చుంది. అక్క ఇంటి వంతు పక్కన పెడుతున్నట్టు నాయనే చెప్పాడు. ఎవరూ లేవలేదు. నాయన ఇంటికి పోయి ఆయన మీద విరుచుకుపడ్డాను.

"నీ నోటికి ఎట్టా వచ్చింది నాయనా ఆ మాట?"

"నా కూతురి కోసం కట్టుబాటు తప్పినానే అనుకో" అన్నాడు నాయన. "రేపు ఆ యాపారులు పోయి, వాళ్ల పెద్దోడే తప్పినాడు, ఇంక ఏం ఆచారమయ్యా వాళ్లది అంటారు. అప్పుడు ఊరందరిదీ పోతాది. నువ్వు సదువుకున్నదానివి, చెప్పు, నేనేం చేసేది?"

ఆ మాటలో న్యాయం ఉన్నందుకు నాకు ఇంకా మండింది. చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. అక్క మాత్రం ఆయనకు ఎప్పటిలాగే పులుసు పంపేది. ఇంతకు ముందు మరిది తెచ్చిన తన చేపలు అమ్ముకునేది. ఇప్పుడు ఊళ్లో వాళ్ల చేపలు మోసి అమ్మిపెట్టి, వాళ్లు ఇచ్చింది తెచ్చుకునేది.

ఇక పేపరు కోసం కాచుకోవడం నా పని. కమిటీ నివేదిక ఇచ్చిందా, బిల్లు సభ ముందుకు వచ్చిందా అని రోజూ వెతికేదాన్ని. హైదరాబాదు పోయి గ్యాలరీలో కూర్చుని నా కళ్లతో చూడాలని ఉండేది, సెలవు ఇవ్వలేదు. ఒక రోజు బిల్లు వాయిదా పడిందని ఉంటుంది. ఇంకో రోజు అసలు ఏమీ ఉండదు. ఏమీ లేని రోజే ఎక్కువ భయం వేసేది. చివరికి ఒక మధ్యాహ్నం హెడ్మాస్టరు గారు పేపరు మడత పెట్టకుండానే క్లాసులోకి వచ్చారు. ఏడో క్లాజుకు సవరణ పెట్టారు, శాసనసభ ఒప్పుకుంది. వంతుల ఆచారం నడుస్తున్న నీళ్లకు వేలం వర్తించదు. పిల్లల ముందే ఏడ్చేశాను. తర్వాత అది శాసనమండలి దాటింది, గవర్నరు సంతకమూ అయింది. ఊళ్లో ఆ రాత్రి పండగే. పెద్దలను పొగిడారు, ఎమ్మెల్యే గారిని పొగిడారు. అక్క పేరు ఎవరూ ఎత్తలేదు.

చట్టం అయిపోతే అంతా అయిపోయిందనుకునేవాళ్లం. కాదు, దాని కింద నియమాలు రాయాలట. ఆ ముసాయిదా గెజిట్లో వేసి, అభ్యంతరాలుంటే గడువులోగా పంపమన్నారు. తెప్పించి చదివాను. వంతులు ఊరి కట్టుబాటు ప్రకారమే నడుస్తాయని ఉంది. అక్క వెళ్లి మాట్లాడితే నిలబడిన కట్టుబాటు, రేపటి నుంచి ప్రభుత్వ ముద్రతో ఆమెను బయట నిలబెడుతుంది. చనిపోయిన వాడి వంతు భార్యకు చెందాలని, శాసనసభ కమిటీ ముందు మాట్లాడినందుకు ఏ ఊరూ ఎవరి వంతూ తీయకూడదని రాశాను. మగవాళ్లు వేలిముద్ర వేయం పొమ్మన్నారు. ఆడవాళ్లు ఒక్కరు మిగలకుండా వేశారు. హెడ్మాస్టరు గారు ఈసారి ఉద్యోగం మాట ఎత్తలేదు. నా ఇంగ్లీషు మాత్రం దిద్దారు, చాలానే దిద్దారు.

నియమాలు ఖరారై వచ్చేసరికి మళ్లీ వంతులు తీసే రోజు దగ్గరపడింది. నేను రాసిన రెండు మాటలూ అందులో ఉన్నాయి. ఆ ఉదయం గెజిట్ పట్టుకుని సభ దగ్గరికి పోయాను. చాపకు ఇవతల నిలబడి గట్టిగా చదివాను. నా దగ్గర పక్కన పెట్టడానికి వంతు లేదు గనక ఆ ధైర్యం. ఎవరైనా లేస్తారేమోనని చూశాను. లేవలేదు. నాయన మాత్రం కుండ వైపు చూస్తూ అన్నాడు.

"అది సర్కారు మాట. ఊరి మాట గాదు."

"సర్కారు మాటలోకి ఊరి మాటను పట్టుకుపోయింది ఎవురు నాయనా? మీరందరూ చెట్టు కింద కూచోని ఉంటిరే, అప్పుడు లోపలికి పోయింది ఎవురు?"

నాయన కుండ దగ్గరికి జరిగి వంతులు తీయించడం మొదలుపెట్టాడు. ఒక్కో ఇంటి పేరు పిలవడం, ఒకరు వచ్చి తీయడం. మా బావ ఇంటి వరస వచ్చింది. కిందటి ఏడు దాన్ని దాటేశారు. నాయన ఆగాడు. గొంతు సవరించుకుని బావ పేరు పిలిచాడు.

జవాబు లేదు. తన ఇంటిని దాటేయడం ఇంకోసారి చూడలేక అక్క పొద్దున్నే సంతకు పోయింది. నాయన రెండోసారి పిలిచాడు. మూడు సార్లు పిలిచినా పలకకపోతే ఆ ఏటికి ఆ ఇంటి వంతు పోయినట్టే. మరిది తాను తీయబోతే నాయన చేత్తో ఆపాడు.

"సంతకు పోయింది నాయనా. వస్తాది" అన్నాను.

నాయన మూడోసారి పిలవలేదు. కుండ మూతి మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. ఎండ ఎక్కింది. నీళ్లు వెనక్కి తీస్తున్నాయి, పడవలు బురదలో కూరుకుపోయే వేళ అయింది. పెద్దలు సరస్సు వైపు చూస్తున్నారు, మళ్లీ దారి వైపు చూస్తున్నారు. ఒక్కరూ విసుక్కోలేదు. అంత కోపిష్టి ఊరు అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

చాలా పొద్దెక్కాక ఉత్త తట్టతో అక్క వచ్చింది. అందరూ తనవైపే చూస్తుంటే ఏం తప్పు జరిగిందోనని దూరంగానే ఆగిపోయింది. అప్పుడు నాయన మూడోసారి పిలిచాడు. బావ పేరు కాదు, అక్క పేరు. ఆ సభలో ఒక ఆడమనిషి పేరు పిలవడం వినడం నాకదే మొదలు. అక్క వచ్చి కుండలో చెయ్యి పెట్టింది. వచ్చింది లోపలి జెల్లల చోటే. ఆ తాటాకు ముక్క పట్టుకుని నా భుజం మీద పడి ఆమె ఏడ్చిన ఏడుపు, బావ పోయిన నాడు కూడా ఏడవలేదు.